హ్యాండిక్యాప్ అనే మాట వెనుక

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగారు. తీర్థయాత్రల మీద, మధుమేహం మీద, పాత ఆఫీసు ముచ్చట్ల మీద నాకంటె బాగా వ్రాసేవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను మరొక దారి పట్టాను. ఇందులో కొంత చరిత్ర, కొంత లెక్క, చివర నా సొంత తప్పు ఒకటి ఉన్నాయి. ఓపిక ఉన్నవారు చివరిదాకా చదవ మనవి.

ఈ వ్యాసానికి కారణం ఒక చిన్న సంఘటన. ఒకనాడు సంఘం కార్యాలయంలో కూర్చుని డి.ఎ. బకాయిల సంగతి మాట్లాడుకుంటున్నాం. "ఆదివారం పూట కనబడరేమండీ?" అని ఎవరో అడిగారు. గోల్ఫు ఆడటానికి వెళుతున్నానని చెప్పి, మాటల్లో నా హ్యాండిక్యాప్ 26 అన్నాను. పక్కనున్న పెద్దాయన నా మోకాలివైపు ఒకసారి జాలిగా చూసి, "ఇరవై ఆరుకి సర్టిఫికెట్ ఇవ్వరండీ. నలభై శాతం దాటాలి" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. ఆయన మనవడికి ఆ సర్టిఫికెట్ కోసం మూడు నెలలు తిరిగారట. ఆ మాట విన్న తరువాత మా నవ్వు కూడా ఆగిపోయింది.

ఇంటికి వచ్చాక ఆలోచించాను. ఒకే మాట ఒకచోట వైకల్యానికి పేరు, మరొకచోట ఆటలో లెక్కకు పేరు ఎలా అయింది? టోపీ చేతపట్టుకుని బిచ్చమెత్తిన పాత సిపాయిల నుంచి వచ్చిందని కొందరు చెబుతారు. నేనూ చాలాకాలం అదే నమ్మాను. అది నిజం కాదు. అసలు కథ మన పశువుల సంతకు దగ్గరగా ఉంటుంది.

మన సంతలో ఇద్దరు బేరగాళ్ళు తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్ళతోనే ధర చెప్పుకోవడం మీలో పల్లెటూరి వారు చూసే ఉంటారు. ఇంగ్లండులో ఇటువంటిదే ఒక వినోదం ఉండేది. ఒకడి దగ్గర ఒక కోటు, ఇంకొకడి దగ్గర ఒక గడియారం ఉన్నాయనుకోండి. మార్చుకుందామనుకుంటారు. రెండూ ఒకే విలువ కావు. మూడోవాడు మధ్యవర్తిగా నిలబడి, "గడియారం వానికి కోటు వాడు ఇంత అదనంగా ఇవ్వాలి" అని తేలుస్తాడు. ముగ్గురూ కొంత పందెపు సొమ్ము టోపీలో వేస్తారు. తరువాత బేరగాళ్ళిద్దరూ టోపీలో చేయి పెట్టి ఒక్కసారి బయటికి తీస్తారు. ఒప్పుకున్నవాడు ఒక రకంగా, ఒప్పుకోనివాడు మరొక రకంగా చేయి చూపించాలి. ఇద్దరూ ఒప్పుకున్నా, ఇద్దరూ కాదన్నా టోపీలోని సొమ్ము మధ్యవర్తిది. ఒకడే ఒప్పుకుంటే సొమ్ము వాడిది. అంటే మధ్యవర్తి వాటం చూసి చెప్పినా, ఒకవైపు మొగ్గినా అతనికే నష్టం. సరిగ్గా తూచి చెబితేనే లాభం. న్యాయం చెప్పేవాడికి న్యాయంలోనే లాభం ఉండేటట్లు కట్టిన ఏర్పాటు అది. టోపీలో చేయి గనుక "హ్యాండ్ ఇన్ క్యాప్", పోను పోను హ్యాండిక్యాప్ అయింది. శామ్యూల్ పెపిస్ అనే లండన్ ఉద్యోగి (నౌకాశాఖలో గుమాస్తాగిరీ చేసి పైకి వచ్చినవాడు, మనవాడే అనుకోవచ్చు) 1660 సెప్టెంబరులో ఈ ఆట మొదటిసారి చూశానని తన డైరీలో వ్రాసుకున్నాడు.

అక్కడి నుంచి ఆ మాట గుర్రప్పందేలకు పోయింది. బలమైన గుర్రం, బలహీనమైన గుర్రం ఒకే పందెంలో పరుగెడితే ఫలితం ముందే తెలిసిపోతుంది. చూడటానికి ఎవరొస్తారు? అందుకని మధ్యవర్తి గుర్రాలను తూచి, మంచి గుర్రం మీద ఎక్కువ బరువు వేయించేవాడు. 1791లో ఆస్కాట్‌లో జరిగిన ఓట్‌లాండ్స్ పందెం ఈ రకం పందేలలో మొదట పేరు మోసినది. మన మలక్‌పేటలో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 1886లో పందేలు పెట్టించిన తరువాత ఈ లెక్క మన ఊరికీ పరిచయమైంది. ఇప్పటికీ అక్కడ రేటింగు ఎక్కువ ఉన్న గుర్రం ఎక్కువ బరువు మోస్తుంది.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఆ రోజుల్లో హ్యాండిక్యాప్ అంటే బలవంతుడి నెత్తిన పెట్టిన బరువు. బలహీనుడి లోపం కాదు. 20వ శతాబ్ది మొదటి భాగంలో గాని ఆ మాటను దేహ వైకల్యానికి వాడటం ఇంగ్లీషులో వ్యాపించలేదు. బరువు ఒకరి మీది నుంచి దిగి, అసలు మోయనక్కరలేనివారి మీదకు ఎక్కింది. మన ప్రభుత్వం ఆ మాటను వదిలిపెట్టి 1995లో ఒక చట్టం, 2016లో దానికి బదులుగా హక్కుల చట్టం తెచ్చింది. సర్టిఫికెట్ల కోసం తిరగడం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

గోల్ఫు సంగతికి వస్తాను. ఆట తెలియనివారికి రెండు ముక్కలు. పెద్ద మైదానంలో 18 గుంతలు ఉంటాయి. ఒక్కొక్క గుంతలో బంతి పడటానికి మంచి ఆటగాడికి మూడో, నాలుగో, అయిదో దెబ్బలు చాలుననే అంచనా ఉంటుంది. దాన్ని పార్ అంటారు. మొత్తం మీద 72 దరిదాపుల్లో ఉంటుంది. ఎవరు తక్కువ దెబ్బలతో ముగిస్తే వారు గెలిచినట్లు. ఇక్కడ గుర్రం లెక్క తలకిందులవుతుంది. మంచివాడి మీద బరువు వేయరు, తక్కువవాడికి దెబ్బలు మినహాయిస్తారు. మీరు 98 కొట్టారు, మీ హ్యాండిక్యాప్ 26 అయితే నికరం 72. నేను 90 కొట్టి, నా హ్యాండిక్యాప్ 16 అయితే నికరం 74. గెలుపు మీది. తాత మనవడితో, కొత్తగా చేరినవాడు నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవాడితో పోటీగా ఆడగలిగిన ఆట నాకు తెలిసి మరొకటి లేదు. చదరంగంలో ఏనుగును తీసేసి ఆడటం ఉంది గానీ అది ఓడిపోతున్నవాడికి ముష్టి వేసినట్లుంటుంది.

పోలోలో ఈ లెక్క ఇంకో తమాషా. అక్కడ మైనస్ 2 నుంచి 10 దాకా అంకెలు ఇస్తారు. పెద్ద అంకె ఉన్నవాడు పెద్ద ఆటగాడు. గోల్ఫులో చిన్న అంకె ఉన్నవాడు పెద్ద ఆటగాడు. మన సికింద్రాబాదు బైసన్ పోలో మైదానం దగ్గర నిలబడి ఎవరైనా "నాది రెండు" అంటే, ఏ ఆట అని అడిగాకే దండం పెట్టాలి.

గోల్ఫులో ఎక్కువ తక్కువల లెక్క గురించి దొరికే తొలి వ్రాత థామస్ కిన్‌కెయిడ్ అనే ఎడింబరో వైద్య విద్యార్థిది. ఇద్దరు సమానం కాని ఆటగాళ్ళు ఆడేటప్పుడు పందెపు సొమ్మును ఎక్కువ తక్కువ చేయాలా, లేక సొమ్ము సమానంగా ఉంచి ఆటలో కొంత వదలాలా అని అతను భోజనం చేసి కూర్చుని ఆలోచించి డైరీలో వ్రాసుకున్నాడు. ఆ ఏడు 1687. ఆ అంకె చూసి నేను కుర్చీలో కదిలాను. ఎందుకంటే ఆ ఏడాదే ఔరంగజేబు సైన్యం నెలల తరబడి గోల్కొండను ముట్టడించి, సెప్టెంబరులో కోటను పట్టుకుంది. అక్కడ కుర్రవాడు అన్నం తిని రెండు గుంతలు వదలాలా మూడు వదలాలా అని తర్కించుకుంటుంటే, ఇక్కడ కుతుబ్‌షాహీల కథ ముగిసింది. ఇప్పుడు అదే గోల్కొండలో, నయాఖిలా గోడల మధ్య, హైదరాబాదు గోల్ఫు మైదానం ఉంది. ఏనుగుల చెట్టు అని పిలిచే ఆ పెద్ద బావోబాబ్ చెట్టు కూడా ఆ నయాఖిలాలోనే ఉంది. కోటలో గోల్ఫు ఏమిటని చరిత్ర ప్రేమికులు అభ్యంతరాలు చెప్పారు. అవి కొట్టివేయదగిన అభ్యంతరాలు కావని నా అభిప్రాయం. అయినా పొద్దున్నే ఆ బురుజుల నీడలో గడ్డి చూస్తే మనసు లాగుతుంది. మనిషి బుద్ధి అటువంటిది.

మన దేశానికి ఈ ఆట తొందరగానే వచ్చింది. కలకత్తా గోల్ఫు క్లబ్బు 1829లో పుట్టింది. బ్రిటిషు దీవుల వెలుపల అంతకంటె పాతది లేదు. బెంగుళూరులో 1876. మన తెలుగు నేల మీద విశాఖపట్నం ఈస్ట్ పాయింట్ క్లబ్బు 1884 నాటిది. సికింద్రాబాదు 1806లో వెలసిన దండు ఊరు గనుక, తెల్లదొరల ఆటలన్నీ దండుతోపాటే వచ్చాయి. గోల్ఫు ఇప్పటికీ సైన్యం వారి మైదానాలలోనే ఎక్కువ ఆడతారు. భారత గోల్ఫు యూనియన్ ఏర్పడింది 1955లో.

దండు మాట వచ్చింది గనుక కర్నల్ బోగీ కథ చెప్పాలి. 1890 ప్రాంతంలో ఇంగ్లండులోని కోవెంట్రీలో రోథరమ్ అనే ఆయన, ప్రతి గుంతకు ఒక ప్రమాణపు అంకె పెట్టి, ఆటగాళ్ళు ఒకరితో ఒకరు కాక ఆ అంకెతో పోటీపడాలన్నాడు. ఆ రోజుల్లో "బోగీ మనిషి వస్తున్నాడు" అనే అర్థం గల హాస్యపు పాట ఒకటి ప్రచారంలో ఉండేది. కంటికి కనబడని ఈ ప్రత్యర్థికి ఒక క్లబ్బు వారు ఆ బోగీ పేరే పెట్టారు. తరువాత ఇది సైనికాధికారుల క్లబ్బుకు చేరింది. అక్కడ సభ్యులందరికీ ఏదో ఒక హోదా ఉంది. లేని మనిషికైనా హోదా లేకుండా ఎలా చేర్చుకుంటారు? ఎప్పుడూ తప్పు చేయడు గనుక కర్నల్ కంటె తక్కువ ఇవ్వలేమన్నారు. అలా కర్నల్ బోగీ అయ్యాడు. 1914లో ఆ పేరుతో ఒక బ్యాండు పాట వచ్చింది. 1957 నాటి "బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్" సినిమాలో ఖైదీలు ఈలవేస్తూ నడిచే పాట అదే. మన వయసువారిలో చాలామంది సికింద్రాబాదు హాళ్ళలో ఆ సినిమా చూసినవారే, గోల్ఫు పాట అని తెలియకుండా ఈల వేసినవారే.

అయితే ఒక ఊళ్ళో 18 హ్యాండిక్యాప్, మరో ఊళ్ళో 18 హ్యాండిక్యాప్ ఒకటే కావాలి కదా? మగవారి క్లబ్బులు ఎవరి ఇష్టం వారిదిగా నడిపిస్తుంటే, ఈ పని మొదట దేశమంతటికీ ఒకే తీరుగా చేసి చూపినవారు ఆడవారు. 1893లో ఇంగ్లండులో మహిళల గోల్ఫు యూనియన్ ఏర్పడింది. దాని కార్యదర్శి ఇసెట్ పియర్సన్ గట్టి మనిషి. ఆమె పట్టుబట్టి క్లబ్బులన్నింటికీ ఒకే పద్ధతిని కొన్నేళ్ళలో అమలు చేయించింది. మొదటి మహిళా చాంపియన్‌షిప్పులో ఆమె ఫైనల్‌దాకా వచ్చి లేడీ మార్గరెట్ స్కాట్ చేతిలో ఓడిపోయింది. మరుసటి ఏడూ అంతే. ఎప్పుడూ గెలిచేవారి కంటె ఓడినవారికే సరసమైన లెక్క అవసరం బాగా తెలుస్తుందేమో. అదే దశాబ్దంలో, 1897 ఆగస్టు 20న, మా బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ భవనం మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. అక్కడికి వాహ్యాళికి వెళ్ళినప్పుడల్లా, కంటికి కనబడనిదాన్ని కొలవడానికి ఆ కాలం వారు ఎంత తాపత్రయపడ్డారో గుర్తుకు వస్తుంది.

తరువాతి సంగతులు తొందరగా చెబుతాను. అమెరికా వారు 1911లో దేశమంతటికీ ఒక పద్ధతి తీసుకున్నారు. ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ అనే వైద్యుడు దెబ్బలకు బదులు పాయింట్లు ఇచ్చే పద్ధతి కనిపెట్టి, 1932లో వాలసీ క్లబ్బులో పోటీ నడిపించాడు. హ్యాండిక్యాప్ మినహాయించాక పార్ కొడితే 2 పాయింట్లు, ఒక దెబ్బ ఎక్కువైతే 1, రెండు అంతకు మించి ఎక్కువైతే సున్న. ఒక గుంత దగ్గర మునిగినా మిగతా ఆట బ్రతికే ఉంటుంది. మా వంటివారి పాలిట ఆయన దేవుడు. మైదానాల కష్టసుఖాలను కొలిచే స్లోప్ అనే అంకెకు మూలపురుషుడు అమెరికా నౌకాదళంలో పనిచేసిన డీన్ నూత్. 1970లలో మొదలుపెట్టిన ఆ పని 1980లలో అమలుకు వచ్చింది. చివరకు 2020 జనవరిలో, అప్పటిదాకా ప్రపంచంలో నడుస్తున్న ఆరు పద్ధతులను కలిపి ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతి అని ఒకటి తెచ్చారు.

ఇప్పుడు లెక్క. అకౌంట్సు శాఖ మిత్రులు కాగితం కలం తీసుకోవచ్చు. తక్కినవారు ఈ పేరా దాటిపోయినా నష్టం లేదు. ప్రతి మైదానానికి రెండు అంకెలు ఉంటాయి. ఒకటి కోర్సు రేటింగు, అంటే హ్యాండిక్యాప్ సున్న అయిన ఆటగాడు అక్కడ కొట్టగల అంకె. రెండోది స్లోప్, అంటే మామూలు ఆటగాడికి ఆ మైదానం అదనంగా ఎంత కష్టమో చెప్పే అంకె. ఇది 55 నుంచి 155 దాకా ఉంటుంది, సగటు 113 అనుకుంటారు. ఒక మైదానం రేటింగు 70.5, స్లోప్ 124 అనుకుందాం. నేను 98 కొట్టాను. 98లో 70.5 తీసివేస్తే 27.5. దాన్ని 113తో గుణించి 124తో భాగిస్తే 25.1. ఇది ఆ రోజు ఆటకు నా అంకె. ఇటువంటివి చివరి ఇరవై తీసుకుని, అందులో మంచివి ఎనిమిదింటి సగటు కడితే నా ఇండెక్సు. మైదానానికి వెళ్ళినప్పుడు ఇండెక్సును తిరిగి ఆ మైదానపు స్లోప్‌తో గుణించి 113తో భాగించి, రేటింగుకూ పార్‌కూ ఉన్న తేడా కలుపుతారు. ఇండెక్సు 24.0 అయితే ఇదే మైదానంలో 26.3 వస్తుంది. పార్ 72 గనుక ఒకటిన్నర తగ్గి 24.8, అంటే 25 దెబ్బలు. ఏ గుంత దగ్గరైనా మరీ మునిగిపోతే, నికరంగా పార్ మీద రెండు దెబ్బలకు మించి లెక్కలోకి రాదు. ఒక్క గుంత పాపం కార్డంతా పాకదు. గరిష్ఠంగా 54 దాకా ఇస్తారు. మొదలుపెట్టడానికి 54 గుంతల స్కోరు, అంటే మూడు పూర్తి ఆటలు చాలు.

మన పెన్షను చివరి పది నెలల సగటు జీతం మీద కట్టిన రోజులు జ్ఞాపకం ఉన్నవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. తేడా ఒక్కటే. ఇక్కడ మంచి ఎనిమిదింటినే తీసుకుంటారు గనుక, హ్యాండిక్యాప్ అనేది మీరు రోజూ ఆడే ఆట కాదు, మంచి రోజున ఆడగల ఆట. నాలుగైదు సార్లకు ఒకసారి ఆ అంకెకు తగ్గట్టు ఆడితే చాలు. ఈ సంగతి తెలియక కొత్తవారు తామెప్పుడూ అంకె కంటె ఎక్కువే కొడుతున్నామని దిగులుపడతారు.

ఈ లెక్కలో దొంగలు రెండు రకాలు. బాగా ఆడగలిగీ చెడ్డ కార్డులే ఇచ్చి, అంకె పెంచుకుని, పోటీ రోజున కప్పు కొట్టుకుపోయేవాడు ఒకడు. వాడిని అందరూ తిడతారు. రెండోవాడు మంచి కార్డులే ఇచ్చి అంకెను చిన్నగా ఉంచుకునేవాడు. వాడిని ఎవరూ ఏమీ అనరు, వాడి డబ్బు వాడే పోగొట్టుకుంటున్నాడు గదా అని. ఆ రెండో రకం దొంగను నేను.

నేను పదవీ విరమణ చేసింది 2008లో. ఆ మార్చిలోనే బేగంపేట విమానాశ్రయం నుంచి ప్రయాణికుల విమానాలన్నీ షంషాబాదుకు వెళ్ళిపోయాయి. పాతికేళ్ళు విమానం మోతలో మాట్లాడటం ఆపి మళ్ళీ మొదలుపెట్టే అలవాటున్న మా సందు ఒక్కసారి మూగబోయింది. నాకూ ఏమీ తోచలేదు. మా ఎదురింటి మిత్రుడు మన సంఘ సభ్యుడే, అకౌంట్సు శాఖలో చేశాడు. విశాఖలో ఉద్యోగం చేసిన రోజుల్లో గోల్ఫు నేర్చుకున్నాడు. పేరు వ్రాయవద్దన్నాడు, వ్రాయను. నన్ను లాక్కువెళ్ళి పాత కర్రలు ఇచ్చి నేర్పించింది అతనే. మా పెద్దబ్బాయి సభ్యత్వం పుణ్యమా అని నగరంలోని ఒక మైదానంలో నాకూ చోటు దొరికింది. ఈ ఆట పెన్షను డబ్బుతో సాగేది కాదు, ఆ సంగతి దాచడం దేనికి? మా శ్రీమతి మొదటి ఏడు దీన్ని గడ్డి పెరికే ఖర్చు అనేది.

2014కల్లా నా హ్యాండిక్యాప్ 18కి దిగింది. ఆ అంకె మీద నాకు ప్రమోషను ఆర్డరు మీద ఉన్నంత మమకారం. అడిగినవారికీ అడగనివారికీ చెప్పేవాడిని. 2016లో మోకాలికి ఆపరేషన్ అయింది. అది తరువాత మళ్ళీ ఆడానుగానీ, 92 కొట్టేవాడిని 102, 105 కొట్టసాగాను. ఆ కార్డులు ఇవ్వలేదు. జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చి చించేసేవాడిని. ఎప్పుడో గాలివాటంగా 93 వస్తే అది మాత్రం పరుగున వెళ్ళి ఇచ్చేవాడిని. మనం ఏటేటా నవంబరులో బ్రతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం గదా. నేను ఏటేటా 2014 నాటి నాకు లైఫ్ సర్టిఫికెట్ ఇస్తూ వచ్చాను.

2019 డిసెంబరులో జంటల పోటీ జరిగింది. స్టేబుల్‌ఫర్డ్ పద్ధతి, ఇద్దరి పాయింట్లూ కలుపుతారు. మిత్రుడు నన్నే జంటగా పెట్టుకున్నాడు. అంతకు ముందు నాలుగేళ్ళూ పెట్టుకున్నాడు, నాలుగేళ్ళూ ఓడిపోయాం. ఆ ఏడు అతనికి డెబ్బై రెండు. భార్య పోయి ఎనిమిది నెలలయింది. ఆమె ఉన్నప్పుడు షోకేసులో ఒక గూడు ఖాళీగా ఉంచి, కప్పు ఎప్పుడు తెస్తారని వేళాకోళం చేసేదట. ఈ సంగతి అతను నాకు కారులో వెళుతూ చెప్పాడు. ఆ రోజు అతను ఎన్నడూ ఆడనంత బాగా ఆడి 36 పాయింట్లు చేశాడు. నేను 25. రెండు పాయింట్లతో రెండో స్థానం వచ్చింది. కప్పు మొదటివారికే.

నా అంకె నిజంగా ఉండవలసినట్లు 26 అయి ఉంటే, అదనంగా ఎనిమిది గుంతల దగ్గర ఒక్కొక్క దెబ్బ మినహాయింపు వచ్చేది. కార్డు ముందు పెట్టుకుని ఆ రాత్రి లెక్క కట్టాను. అవి అయిదు పాయింట్లు. మూడు పాయింట్ల తేడాతో గెలిచేవాళ్ళం.

అంతటితో ఆగితే బాగుండును. పోటీ అయ్యాక టీ దగ్గర నలుగురిలో, "పదిహేడో గుంత దగ్గర మావాడు ఆ చిన్న పుట్ తప్పకపోతే బాగుండేది" అన్నాను. నవ్వుతూనే అన్నాను. అతను టీ కప్పు పక్కన పెట్టి, "అవునులే" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఎక్కి వచ్చాడు. పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

మరో మూడు నెలలకు కరోనా వచ్చింది. తలుపులు మూసుకోవడానికి అందరికీ ఒక కారణం దొరికింది, మాకూ దొరికింది. వీధి వెడల్పు ఇరవై అడుగులు. మూడేళ్ళు మేము మాట్లాడుకోలేదు. పాలు తెచ్చుకునేటప్పుడు ఎదురుపడితే తల ఊపేవాడు. మా శ్రీమతి పండగకు పులిహోర పంపితే గిన్నె కడిగి, అందులో రెండు అరటిపళ్ళు పెట్టి పంపేవాడు. నాతో మాత్రం మాట లేదు.

ఆట మళ్ళీ మొదలయ్యాక కొత్త పద్ధతి వచ్చిందని, అందరూ ఆడిన స్కోర్లన్నీ ఇవ్వాలని మైదానంలో చెప్పారు. ఈసారి నేను ఒక్క కార్డు చించలేదు. 104, 99, 107, 101, ఏది వస్తే అది ఇచ్చాను. ఇరవై పూర్తయ్యేసరికి పది నెలలు పట్టింది. ఇండెక్సు 26.3 అని తేలింది. ఆ కాగితం చూసి సిగ్గుపడతాననుకున్నాను. కొత్త చెప్పులు కరవడం మానేసినట్లు అనిపించింది. ఆ నెలలోనే మా మనవడితో ఆడి, ఎన్నో ఏళ్ళ తరువాత ఒక్క పాయింటుతో గెలిచాను. "తాతయ్యా, నీకు అన్ని షాట్లు ఎందుకిస్తారు?" అని వాడు పోట్లాడాడు. టోపీ కథ చెప్పాను.

మిత్రుడికి మాత్రం ఏమీ చెప్పలేదు. గేటుదాకా రెండుసార్లు వెళ్ళి తిరిగి వచ్చాను. సంపాదకులు వ్యాసం అడిగినప్పుడు, నోటితో అనలేనిది కాగితం మీద పెడదామని ఇది వ్రాశాను. టీ దగ్గర నలుగురిలో అన్నమాట గనుక నలుగురు చదివే చోటే చెప్పడం సబబు. ఆ రోజు కప్పు పోయింది అతని పుట్ వల్ల కాదు, నా పద్దెనిమిది వల్ల. ఆ పుట్ కూడా చిన్నదేమీ కాదు, ఏడెనిమిది అడుగులు ఉంటుంది.

అచ్చుకు పంపే ముందు వ్రాతప్రతిని కవరులో పెట్టి అతని గేటు లోపల వేశాను. నాలుగో రోజున మా మనవడి చేతికి ఇచ్చి పంపాడు. అకౌంట్సు మనిషి గదా, పెన్సిలుతో రెండుచోట్ల దిద్దాడు. 25.1 అన్నచోట మార్జినులో భాగహారం వేసి, 25.06 అని వ్రాసి, సరే అన్నట్లు టిక్కు పెట్టాడు. ఏడెనిమిది అడుగులు అన్నచోట కొట్టివేసి "నాలుగు" అని వ్రాశాడు. వెనుక పేజీలో ఆదివారం ఉదయం 5-30, కారు నీదే, అని ఉంది.